ఇంతకీ సైరన్ వినపడేదా?

ఆ ఆదివారం యమున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. నైట్ షిఫ్టు దిగి వచ్చిన భర్త శివ నిద్రపోతున్నాడు. అతను లేచేలోగా స్కూటీ మీద లాంపురూం బస్తీకి వెళ్లాలి, అక్కడి పాత సైరన్ ఫోటోలు తీయాలి, అది ఏయే ఇళ్లదాకా వినపడేదో నలుగురిని అడగాలి, వచ్చేటప్పుడు మార్కెట్లో చేపలు తీసుకుని ఇల్లు చేరాలి. సైరన్ సంగతి శివకు తెలియాల్సిన పని లేదు. చేపలు కనబడితే అతను ఇంకేమీ అడగడు.

యమునకు గోదావరిఖని చౌరస్తా దగ్గర జిరాక్స్ సెంటరు ఉంది. రెండేళ్ల క్రితం ఒకసారి మంచిర్యాలలో బస్సు కోసం నిలబడి, ఏమీ తోచక తలెత్తితే, ఎదురుగా ఒక పాత మేడ మీద ఇనప టోపీ పెట్టుకున్న సైరన్ కనబడింది. అన్నేళ్లుగా అదే దారిన తిరుగుతున్నా దాన్ని ఎన్నడూ చూడలేదని ఆమెకు ఆశ్చర్యం వేసింది. ఫోటో తీసి ఫోన్‌లో వెతికింది. ఇలాంటి పాత సైరన్లను వెతికి పట్టుకుని వాటి పుట్టుపూర్వోత్తరాలు రాసిపెట్టేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారనీ, వాళ్లకో గ్రూపు కూడా ఉందనీ తెలిసింది. ఆ చదవడంలో బస్సు వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆమె మెడ కిందికి దిగలేదు. బెల్లంపల్లిలో చుట్టాల పెళ్లికి వెళ్లినా, జైపూర్‌లో ఒకరిని పరామర్శించడానికి వెళ్లినా ముందు ఇళ్ల కప్పులు చూస్తుంది, ఆ తర్వాతే మనుషుల్ని.

"జనం బంగారం దుకాణం కాడ ఆగుతరు. నువ్వేమో గోడ మీద డబ్బా కనవడితె ఆగుతవ్," అని శివ మొత్తుకుంటాడు.

లాంపురూం బస్తీ సైరన్ గురించి ఆమెకు వారం రోజులుగా సరిగా నిద్ర లేదు. లాంపురూం అంటే ఒకప్పుడు గనిలోకి దిగే కార్మికులకు టోపీ దీపాలు ఇచ్చిన గది. బస్తీవాళ్లు బాయి అని పిలిచే ఆ గని ఎప్పుడో మూతపడింది. గది నిలబడే ఉంది, దాని కప్పు మీద సైరనూ ఉంది. ఆ పాత షెడ్లన్నీ త్వరలో తుక్కు కింద కోసేస్తారని ఎవరో షాపులో అన్నారు. ఆ మాట విన్నప్పటినుంచి యమున ఒకరి ఆధార్ కార్డు ఇంకొకరికి ఇచ్చేస్తోంది, చిల్లర రెండుసార్లు ఇచ్చేస్తోంది.

ఈసారి ఆమె ఒక కొత్త పద్ధతి కూడా ఆలోచించి పెట్టుకుంది. ఫోన్‌లో మ్యాపు తెరిచి, సైరన్ వినపడేదన్న ఇంటి మీద పచ్చ చుక్క, వినపడలేదన్న ఇంటి మీద ఎర్ర చుక్క పెట్టడం. చుక్కలన్నీ పడితే ఆ కూత ఎంత మేర పారేదో కళ్లకు కట్టినట్టు తెలిసిపోతుంది. గ్రూపులో అలాంటి పని ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

బస్తీ మొదట్లో ఉన్న చాయ్ హోటల్ ముందు స్కూటీ ఆపింది. లాంపురూం అక్కడికి ఎదురుగానే ఉంది. ఫోటోలు తీసింది. హోటల్ బెంచీ మీద సదయ్య కూర్చుని ఉన్నాడు. గనిలో పనిచేస్తూనే జుట్టు నెరిసి రిటైరైన మనిషి. బస్తీలో ఏ పంచాయితీ అయినా ఆయన ముందుకే వస్తుంది.

"కాకా, ఈ సైరన్ మీ ఇంటిదాక ఇనవడేదా?" అని అడిగింది యమున.

"ఇనవడుడేంది బిడ్డా! సైరన్ ఒర్రిందంటె ఇంట్ల గిన్నెలు గల్లుమనేటియి. మా పిల్లలు సైరన్‌కే లేసుడు, సైరన్‌కే పండుడు."

యమున సంతోషంగా ఆయన ఇంటి మీద పచ్చ చుక్క పెట్టింది. పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఐలవ్వను కూడా అడిగింది. తమ ఇల్లు మట్టిగుట్ట వెనకాల అనీ, అక్కడికేమీ వినపడకపోయేదనీ ఐలవ్వ చెప్పింది. ఎర్ర చుక్క పడింది. ఐలవ్వ ఫోన్‌లోకి తొంగి చూసింది.

"సదయ్యది పచ్చగ పెట్టి నాది ఎర్రగ పెట్టినవేంది?"

"ఇనవడ్డోళ్లది పచ్చ, ఇనవడనోళ్లది ఎర్ర. గంతే అవ్వా."

అప్పుడే యమున ఫోన్ మోగింది. షాపుకు వచ్చే మనిషెవరో, ఇంటి పట్టాల దరఖాస్తులు వచ్చాయా అని అడుగుతున్నాడు. యమున మనసంతా మ్యాపు మీద ఉంది. "ఇండ్ల పట్టాల సంగతి రేపు చెప్తనన్నా. ఇప్పుడు చుక్కలు పెట్టే పనిల ఉన్న, జల్ది అయిపోవాలె," అని పెట్టేసింది.

హోటల్లో ఉన్నవాళ్లు చాయ్ తాగడం ఆపేశారు. గని మూతపడిననాటినుంచి ఆ బస్తీ ఇళ్ల పట్టాల కోసం ఎదురుచూస్తోంది. ఊళ్లో ఏ పథకం వచ్చినా దాని దరఖాస్తు ముందు కనబడేది యమున జిరాక్స్ సెంటర్లోనే. ఆమె ఆదివారం పూట, సొంత పెట్రోలు పోసుకుని, ఇల్లిల్లూ అడిగి చుక్కలు పెడుతోందంటే ఇక వేరే చెప్పాలా?

ఐలవ్వ గ్లాసు కింద పెట్టింది. "బిడ్డా, ఆగు. గాలి ఇటు మళ్లినప్పుడు మాకు గూడ ఇనవడేది."

"ఇప్పుడే లేదంటివి గదవ్వా?"

"యాది మరిచిన. మస్తు ఇనవడేది. చెవులల్ల దూది పెట్టుకుందుము."

యమున తల ఊపి చుక్క రంగు మార్చింది. పెద్దవాళ్ల జ్ఞాపకం అలాగే ఉంటుంది కదా అనుకుంది. మొదటి సందులోకి వెళ్లేసరికి ప్రతి గుమ్మంలోనూ ఒకరు నిలబడి ఉన్నారు. ఎవరినీ అడగాల్సిన పని పడలేదు.

"యమునక్కా, మాకు ఇనవడేది!"

"మాకైతె ఇప్పటికీ ఇనవడ్తది!"

ఆసియా అనే ఆమె కొంగు నడుముకు చెక్కుకుంటూ ఎదురొచ్చింది. ఆమె భర్త అస్గర్‌కు బస్తీ చివర వెల్డింగు దుకాణం ఉంది. "మేం ఈడికి కిరాయికి వచ్చేటాల్లకే బాయి మూతవడ్డదక్కా. అయినా ఇనవడేది," అంది.

"బాయి మూతవడ్డంక సైరన్ ఎట్ల ఇనవడ్తది?"

ఆసియా ఒక్క క్షణం ఆలోచించింది. "అలవాటు మీద."

ఎక్కడో తేడా జరిగిందని యమునకు తెలిసింది. తాను ఏ పట్టాల కోసమూ రాలేదనీ, ఇది తన సొంత సరదా అనీ చెప్పడం మొదలుపెట్టింది. ఎంత చెబితే అంత మంది పోగయ్యారు. "చెప్పద్దని ఆర్డరున్నట్టుంది పాపం, ఆమెను ఇబ్బంది పెట్టకుండ్రి," అని ఒకరంటే, "గట్లనే ఉంటది మరి, ముందే చెప్తె ఊరంత ఎగవడ్తది," అని ఇంకొకరన్నారు.

సారవ్వ అనే ముసలావిడ గుంపును మోచేతులతో తోసుకుంటూ వచ్చి యమున చెయ్యి పట్టుకుంది. "నాకు రెండు చుక్కలు పెట్టు బిడ్డా. నా కొడుకుది ఏరే పొయ్యి."

"ఒక్క ఇంటికి రెండు చుక్కలు ఎట్ల పెడ్తరవ్వా?"

"మా ఇంట్ల ఒక్కొక్కలకు ఒక్కొక్కతీర్గ ఇనవడేది."

అంతలో ఎవరికో అనుమానం వచ్చింది, నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు కూడా పచ్చ చుక్క కొట్టేస్తున్నారని. నిజంగా విన్నవాళ్లయితే సైరన్ ఎలా ఒర్రేదో ఒర్రి చూపించాలని తీర్మానం జరిగింది. సదయ్య పరీక్షాధికారిగా కుర్చీ వేయించుకున్నాడు. ఒకరు దూడను పిలిచే ఆవులా అరిచారు. ఇంకొకరిది కాజీపేట వెళ్లే ప్యాసింజర్ రైలులా వచ్చింది. అందరూ ఒకేసారి ఎత్తుకునేసరికి బస్తీ కుక్కలన్నీ ఒక్కచోట చేరి తమ వంతు అందుకున్నాయి. జైపూర్‌నుంచి ఎవరి బావమరిదో ఫోన్ చేసి, గాలి బాగున్న రోజుల్లో అక్కడిదాకా వినపడేదని సాక్ష్యం చెప్పాడు.

ఆ గోలలోంచి బయటపడి లాంపురూం వైపు చూసిన యమునకు గుండె ఆగినంత పనైంది. సైరన్ మెడలో బంతిపూల దండ ఉంది. కప్పు మీద అస్గర్ డబ్బా, బ్రష్షు పట్టుకుని సైరన్ నిలబెట్టిన ఇనప స్టాండుకు వెండి రంగు వేస్తున్నాడు.

"అస్గరన్నా! రంగెయ్యకు! దండం పెడ్త, ఆ తుప్పు అట్లనే ఉండాలె!"

"అరె బహెన్, పట్టాల సార్లు వచ్చి చూస్తె జర మంచిగ కనవడాలె గద," అంటూ అతను ఇంకో పూత వేశాడు.

యమున లాంపురూం మెట్ల మీద కూలబడింది. పదిమందిలో ఒక్కరైనా నిజం చెప్పారో లేదో తెలియదు. మ్యాపు చూస్తే గోదావరిఖనిలో సగం పచ్చగా ఉంది. పెళ్లాడిన రోజు కూడా ఇంతమంది ఆమె చుట్టూ తిరగలేదు, ఇంత దిక్కులేనట్టూ అనిపించలేదు.

సరిగ్గా అప్పుడు భూపాల్ వచ్చాడు. అతను నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్ల సెక్షన్లో పనిచేస్తాడు. ఇంట్లోవాళ్లు తమకూ పచ్చ చుక్క పడిందని గొప్పగా చెబితే చూద్దామని వచ్చాడు. యమున చేతిలోంచి ఫోన్ తీసుకుని మ్యాపును అటు జరిపి, ఇటు జరిపి చూశాడు. మొహం గంభీరంగా పెట్టాడు.

"ఇది పట్టాల మ్యాపు అని ఎవలన్నరు?"

అందరూ ఐలవ్వ వైపు చూశారు.

"మా దగ్గర బ్లాస్టింగ్ ముందు సైరన్ కొడ్తం. సైరన్ ఇనవడ్డదాక మనుషులు ఉండద్దు, జరగాలె. ఇది అసొంటి మ్యాపు లెక్కనే కొడ్తుంది నాకు."

"అంటె?" అన్నాడు సదయ్య.

"అంటె ఏమున్నది కాకా? ఈడ ఓపెన్‌కాస్టు వడ్తది. పచ్చ చుక్కలోళ్లు ఇండ్లు ఇడిసి లేవాలె."

కుక్కలు కూడా నోళ్లు మూసుకున్నాయి. తర్వాత అందరికంటే ముందు తేరుకున్నది ఐలవ్వ.

"నేను పొద్దుగాల్నే చెప్పిన! నాది ఎర్ర చుక్క! ఈమెనే బలవంతంగ పచ్చ చేసింది!"

దాంతో గట్టు తెగింది. ఎర్ర చుక్క పెట్టమని ఒకరు, అసలు తమ ఇంటినే మ్యాపులోంచి తీసేయమని ఇంకొకరు. ఇందాక రైలులా ఒర్రినాయన, తాను ఒర్రింది రైలుదేననీ, సైరన్ ఎలా ఉంటుందో తన తాతకు కూడా తెలియదనీ దేవుడి మీద ఒట్టు పెట్టాడు. మిగతావాళ్లూ వరసగా ఒట్లు పెట్టారు. ఆసియా తనకు అలవాటు తప్పిపోయిందని చెప్పింది. యమున సారవ్వ వైపు తిరిగింది.

"అవ్వా, నువ్వు రెండు చుక్కలు పెట్టమంటివి గద?"

సారవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏందీ? జర గట్టిగ చెప్పు బిడ్డా. నాకు పుట్టంగనే చెవుడు."

ఎర్ర చుక్కలు పెడతానని యమున అన్నంత మాత్రాన భయం తీరలేదు. రేపు సార్లు వచ్చి సైరన్‌ను చూస్తే ఎవరి మాట నమ్ముతారు? అసలు అక్కడ సైరనే లేకపోతే? ఆ ఆలోచన ముందు ఎవరికి వచ్చిందో తెలియదు గానీ, రంగు డబ్బాతో కప్పు మీదికెక్కిన అస్గరే ఈసారి గ్యాస్ కట్టర్‌తో నిచ్చెన దగ్గరికి వచ్చాడు. ఇద్దరు మనుషులు వెనక సిలిండర్ దొర్లించుకొస్తున్నారు.

యమున పరుగెత్తి నిచ్చెనకు అడ్డంగా నిలబడింది. తుక్కువాళ్లు వచ్చేలోగా చూడాలని వచ్చి, తానే దానికి ఆ గతి పట్టిస్తోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇనుండ్రి నా మాట! ఇది పట్టాలకూ కాదు, ఓపెన్‌కాస్టుకూ కాదు. నాకు సైరన్ల పిచ్చి. పాత సైరన్లు యాడున్నా పోయి చూస్త, ఫోటో తీస్త. గంతే! ఒట్టి పిచ్చి!"

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "బిడ్డా," అన్నాడు సదయ్య మెల్లగా, "నీకు దుకాణమున్నది, సంసారమున్నది, స్కూటీ ఉన్నది. నీ అసొంటిది పెట్రోలు కాలవెట్టుకొని తుప్పు డబ్బను చూడనీకి వచ్చిందంటె మేమెట్ల నమ్మాలె?"

"మా ఆయన్ను అడుగుండ్రి!"

ఆమె శివకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. చాలాసేపు మోగింది. చివరికి నిద్ర నిండిన గొంతు వినబడింది. "ఏడున్నవ్? చేపలు తెచ్చినవా?"

"చేపలు తర్వాత. ఈడ అందరు ఇంటున్నరు. నేనెట్లాంటిదాన్నో వీళ్లకు జర సాఫ్‌గ చెప్పు."

శివ ఉలిక్కిపడి ఉంటాడు. నలుగురి ముందు భార్య పరువు ఆమె చేతిలోంచి తన చేతిలోకి వచ్చిందని మాత్రం అతనికి అర్థమైంది. గొంతు సవరించుకున్నాడు. "మా యమునకేందన్నా? మస్తు తెలివిగల్లది. ఉత్తగ ఏ పనీ చెయ్యది. ఏం చేసినా దానెనుక ఒక లెక్క ఉంటది."

గుంపులోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. "ఇన్నరా? లెక్క ఉంటదట!" అన్నాడు భూపాల్. అస్గర్ ఆమె పక్కనుంచి నిచ్చెనెక్కి కప్పు మీదికి చేరాడు.

"గట్ల కాదయ్యా!" అని అరిచింది యమున. "పిచ్చి అని చెప్పు! నాకు పిచ్చి అని చెప్పు! నీకు దండం పెడ్త!"

"సైరనా?" అన్నాడు శివ.

"సైరనే."

"చెప్పమంటవా? నిజంగనే చెప్పమంటవా?"

"చెప్పు!"

తర్వాత శివ చెప్పాడు. రెండేళ్లుగా చెప్పుకోవడానికి మనిషి దొరకని మాటలన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. పెళ్లిరోజని కొత్తగూడెం తీసుకువెళ్తే సినిమా లేదు, బిర్యానీ లేదు, పొద్దు గూకేదాకా ఒక గోడ పక్కన నిలబెట్టిందన్నాడు. "నేను ఫోటోల పడ్తనేమో అనుకున్న. పక్కకు జరుగు, సైరన్‌కు అడ్డమొస్తున్నవ్ అన్నది!" గోడ మీది పెళ్లి ఫోటో తీసి ఆ మేకుకు బెల్లంపల్లి సైరన్ ఫోటో తగిలించిందన్నాడు. తనకు జ్వరమొచ్చి దవాఖానలో చేరితే, చూడటానికి వచ్చిన మనిషి మంచం దగ్గరికి రాకుండా ముందు దవాఖాన పైకప్పు చూసి వచ్చిందన్నాడు. "డాక్టర్‌ను అడిగింది. నాకెట్లుందని కాదు. మీ దవాఖాన మీద సైరన్ ఉండేదా అని అడిగింది!"

ఆసియా కొంగుతో కళ్లొత్తుకుంది. "యా అల్లా, పాపం ఎంత ఓపిక పట్టిండు," అంది. సదయ్య కుర్చీలోంచి లేచి ఫోన్ దగ్గరగా వంగాడు.

"బిడ్డా శివా, ఏం ఫికర్ చెయ్యకు. మాకు సమజైంది. ఈమెకు నిజంగనే పిచ్చి."

"గిప్పుడన్నా ఒకలు నమ్మిండ్రు," అన్నాడు శివ. "ఆడనే ఉంచుకోండ్రి, నేనొస్తున్న."

యమునకు ఊపిరి ఆడటం పొద్దుటినుంచి అదే మొదటిసారి. చుట్టూ ఉన్నవాళ్ల చూపులో కోపం పోయి జాలి వచ్చింది. ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు. సారవ్వ దగ్గరికి వచ్చి తల నిమిరి, ఎక్కడైనా చూపించారా అని అడిగింది. చెవుడు గురించి ఎవరూ ఎత్తలేదు. భూపాల్ మాత్రం మొహం చెల్లక, తాను అలాంటి మ్యాపు లెక్క ఉందన్నాడే తప్ప అదేనని అనలేదని ఒక్కొక్కరికీ వివరించుకుంటున్నాడు.

"అస్గరన్నా, ఇగ దిగిరా," అని కేకేసింది యమున.

అస్గర్ దిగలేదు. సైరన్ టోపీ కిందికి తల దూర్చి చూస్తున్నాడు. ఇందాక రంగు వేసింది స్టాండుకే కాబట్టి లోపలికి చూడలేదు. "అరె, ఇదేంది? లోపల కర్ర దిమ్మె ఉన్నది. బట్టతోని కట్టి ఉన్నది. ఇది తిరగకుండ కట్టిన కట్టు, ఫ్యాక్టరీలనే కట్టింది. ఎవలు ఇప్పనే లేదు. వైరు పెట్టే డబ్బల వైరే లేదు."

ఆ మాట వినగానే యమున నిచ్చెన మీద ఉంది. చీరకట్టుతో కప్పు మీదికి ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. తల వంచి చూసింది. బయటంతా తుప్పు. లోపల తిరగాల్సిన చక్రం నిన్న తెచ్చినట్టు మెరుస్తోంది. కర్ర దిమ్మె దాని రెక్కల మధ్య బిగించి ఉంది. ఆ సైరన్ పుట్టాక ఒక్కసారి కూడా తిరగలేదు. ఒక్కసారి కూడా కూయలేదు.

ఆమె కప్పు మీదినుంచి కిందికి చూసింది. పొద్దుటినుంచి దాన్ని విన్నవాళ్లందరూ తలలెత్తి నిలబడి ఉన్నారు.

"కాకా! గిన్నెలు గల్లుమనేటియి అంటివి!"

సదయ్య నిమ్మళంగా గడ్డం గోక్కున్నాడు. "గల్లుమనేటియి బిడ్డా. అబద్ధమెందుకు చెప్త? ఒర్రింది ఇది కాదు, అవతలి బాయిది. ఇది తెచ్చి పెట్టిన్నాడే బాయి బందువెడ్తరన్న మాట వచ్చె. ఇగ ఎవలు వైరు గుంజలే."

"నేను 'ఈ సైరన్' అని అడిగిన గద?"

"సైరన్ అన్నవ్, చెప్పిన. ఈ, ఆ అని గంత పట్టిచ్చుకోలె."

అబద్ధమాడుతున్నామనుకుని, వినపడలేదని ఒట్లు పెట్టి మరీ బస్తీ అంతా చెప్పిన మాటే నిజమని తేలిపోయింది. యమున కప్పు మీదే కూర్చుని చుక్కలన్నీ ఎర్రగా మార్చడం మొదలుపెట్టింది. ఆమెకు ఏడుపు రాలేదు. పెట్టిన కట్టు విప్పని, ఒక్క కూతైనా కూయని సైరన్ ఆమె గ్రూపులో ఎవరికీ దొరకలేదు. ఇన్నేళ్లూ అదృష్టవశాత్తు మిగిలిపోయింది, అస్గర్ కట్టర్ వెలిగించడానికి శివ మాటలు అడ్డం పడబట్టి ఇంకా మిగిలి ఉంది. కోసే అవసరం ఇప్పుడు బస్తీలో ఎవరికీ లేదు. వినపడని సైరన్‌కు భయపడేదెవరు?

శివ బండి మీద వచ్చేసరికి హోటల్ ముందు అతని కోసం కుర్చీ వేసి ఉంది. షర్టు తిరగేసి తొడుక్కున్నాడు. బస్తీ ఆడవాళ్లు అతన్ని, పెద్ద ఆపద గడిచి వచ్చినవాణ్ని చూసినట్టు చూశారు. ఆసియా ఇంట్లోంచి గిన్నె నిండా సేమ్యా తెచ్చి అతని చేతిలో పెట్టింది. సదయ్య భుజం తట్టాడు. ఇన్నేళ్ల కాపురంలో అతనికి ఇంత గౌరవం ఎక్కడా దొరకలేదు.

యమున కిందికి దిగి ఆఖరి చుక్క మార్చబోతుంటే సారవ్వ వచ్చి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "నాది మార్చకు బిడ్డా. అది ఈ బాయిదైతేంది, ఆ బాయిదైతేంది? నాకైతె ఇనవడేది. సైరన్ ఒర్రంగనే మా ముసలాయనకు సద్ది కట్టిస్తుంటి. నాది పచ్చనే ఉండనియ్యి."

యమున ఆమె మొహంలోకి చూసింది. పొద్దుటినుంచి ఆమె విన్న జవాబుల్లో సైరన్‌తో పాటు సద్ది గిన్నె కూడా ఉన్నది ఇదొక్కటే. చుక్కను పచ్చగానే ఉంచింది. తర్వాత ఆమె కళ్లు మెల్లగా బస్తీ అవతలికి తిరిగాయి.

"అవ్వా, ఆ అవతలి బాయి సైరన్ ఇంక ఉన్నదా?"

"ఉన్నట్టే ఉన్నది బిడ్డా."

స్కూటీ స్టార్టయిన చప్పుడు వినబడింది. శివ కుర్చీలోంచి లేవలేదు, ఇంకో చాయ్ చెప్పాడు.